టెలిస్కోపు అద్దం పాలిష్‌కు కూర్చునే ముందు

• అద్దాన్ని అరగదీసిన గరుకుపొడి పూర్తిగా పోయిందా? 80 నంబరు (ముతక రకం) సిలికాన్ కార్బైడ్ రేణువు ఒక్కటి మిగిలినా వారాల శ్రమ మీద గీత పడుతుంది. బల్ల, బకెట్టు, గోళ్ల సందులు కడగండి. చొక్కా కూడా మార్చండి. నవ్వకండి, నా 6 అంగుళాల అద్దాన్ని గీసింది చొక్కా చేతి మడతలో దాగిన రేణువే.

• అద్దం అంచున రుద్దిన ఏటవాలు అరిగిపోయి ఉంటే మళ్లీ రుద్దండి. పదునైన అంచు పెచ్చులూడుతుంది.

• పిచ్‌ను (పాలిష్ పలక మీద పోసే తారు లాంటి జిగట పదార్థం) సన్నని సెగ మీదే కరిగించండి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు పోయకూడదు. పిచ్ మెత్తబడడానికి టర్పెంటైన్ కలిపేది పొయ్యి ఆర్పాకే.

• పాలిష్‌కు వాడే సీరియం ఆక్సైడ్ పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

• రుద్దగా మిగిలిన బురద నీళ్లు సింకులో పోయకండి, గొట్టం మూసుకుపోతుంది.

• ఫోను పక్క గదిలో పెట్టండి. మధ్యలో లేచి వెళితే తడి ఆరి అద్దం పిచ్‌కు అతుక్కుపోతుంది.