వెనక్కి ఎవరినీ ఒంటరిగా పంపకండి: ట్రూడోస్ కొండ నడకలకు ముందు జాగ్రత్తలు

పోయిన ఆదివారం సైప్రస్‌లోని ట్రూడోస్ కొండల్లో, కాలిడోనియా జలపాతం దారిలో మాతో వచ్చిన ఒక అక్క రెండున్నర గంటలు కనిపించకుండా పోయింది. దొరికింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ దొరికినప్పుడు నాలుక పిడచకట్టుకుపోయి, నన్ను చూసి కూడా నా పేరు కోసం తడుముకుంది. ఇంకా మే నెలే. జూన్, జూలై ముందున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

సైప్రస్‌లో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఆదివారం ఒక్కటే సెలవు. ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, చదువుకునే పిల్లలు కలిసి, గైడ్ ఉండే బస్సులో సీట్లు తీసుకుని పొద్దున్నే బయల్దేరతాం. ఉదయం అడవిలో నడక, మధ్యాహ్నం ఓమొడోస్ లాంటి పాత ఊరు, సాయంత్రానికి మళ్ళీ లిమాసోల్. నీళ్ళు తెచ్చుకోండి, టోపీ పెట్టుకోండి, మంచి బూట్లు వేసుకోండి అని ప్రతి గైడూ చెబుతాడు. అవి నేను మళ్ళీ చెప్పను. అసలు కొంప ముంచేది వేరే ఉంది. అది ఒక మాట.

“మీరు నడవండమ్మా, నేను మెల్లగా వెనక్కి పోయి బస్సులో కూర్చుంటా.”

ఆ అక్క అన్నది ఇదే. మేం “సరే అక్కా, జాగ్రత్త” అని ముందుకు సాగిపోయాం. తప్పు ఆమెది కాదు, మాది.

ఎందుకంటే అక్కడ బస్సు లేదు. కాలిడోనియా దారి సుమారు 3 కిలోమీటర్లు. పైన, దేశాధ్యక్షుడి వేసవి విడిది దగ్గర మొదలై, వాగు వెంట దిగుతూ, సుమారు 12 మీటర్ల జలపాతం దాటి కింద ప్లాట్రెస్ ఊరి దగ్గర తేలుతుంది. బస్సు మనల్ని పైన దింపేసి, రోడ్డు మీద చుట్టూ తిరిగి వచ్చి కింద ఆగుతుంది. వెనక్కి తిరిగిన మనిషి దిగినదంతా ఎక్కాలి. ఎక్కాక అక్కడ ఉండేది ఖాళీ రోడ్డు. అలసిపోయిందనేగా వెనక్కి తిరిగింది? ఆ అలసటతోనే ఎక్కింది, బస్సు కనపడక కంగారుపడింది, అటవీ శాఖ వాళ్ళ మట్టి రోడ్డు ఒకటి కనిపిస్తే అదే దారి అనుకుని పోయింది. చివరికి ఒక పైన్ చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. పక్కన ఖాళీ సీసా. ఫోన్లో ఛార్జింగ్ ఉంది, సిగ్నల్ లేదు.

ఇలా కావడం నేను చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ అదే మాట, “నేను వెనక్కి పోతా.”

మనకే కాదు, ఎవరికైనా ఇంతే. 2024 జూన్ 5న గ్రీసు దీవి సిమీలో బ్రిటన్ టీవీ డాక్టరు మైకేల్ మోస్లీ, వయసు 67, భార్యతో బీచ్‌కి వెళ్ళి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో తానొక్కడే నడిచి వస్తానని బయల్దేరారు. ఫోన్ బసలోనే ఉండిపోయింది. ఎండకి గొడుగు పట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఒక బీచ్ బార్ కంచె పక్కన ఆయన శవం దొరికింది. మనుషులు తిరిగే చోటుకి అంత దగ్గరలో. అదే నెలలో గ్రీసు దీవుల్లో ఎండలో నడకకి వెళ్ళిన మరికొందరు పర్యాటకులు చనిపోయారు, కొందరు కనిపించకుండా పోయారు. ఊళ్ళో జనాలకి ఆరోగ్యం గురించి చెప్పే మనిషికే అలా జరిగింది.

మనవాళ్ళలో దీనికి అసలు కారణం మొహమాటం. “నా ఒక్కదాని వల్ల అందరికీ ఆలస్యం ఎందుకు” అనుకుంటారు. మోకాలు నొప్పి అని చెప్పరు, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పరు, పొద్దున టిఫిన్ తినలేదని అసలే చెప్పరు. నవ్వుతూ “మీరు పదండి” అంటారు. ఆ నవ్వుని నమ్మకండి.

కాబట్టి నడక మొదలుకాకముందే గైడ్‌ని రెండు ప్రశ్నలు అడగండి: బస్సు ఎక్కడ ఆగుతుంది, మధ్యలో ఎవరికైనా చేతకాకపోతే ఏం చేస్తారు? జవాబు అందరికీ తెలుగులో గట్టిగా చెప్పండి, ఎందుకంటే గైడ్ ఇంగ్లీషు సగంమందికి అర్థం కాదు, కాలేదని చెప్పడానికీ మొహమాటమే.

నెమ్మదిగా నడిచేవాళ్ళని వెనక కాదు, ముందు పెట్టండి. గైడ్ పక్కనే. వాళ్ళ నడకే గుంపు నడక. వెనక ఉంటే, ముందున్నవాళ్ళు ఆగి సేద తీరి వీళ్ళు చేరగానే మళ్ళీ బయల్దేరతారు. వీళ్ళకి కూర్చునే టైమే దొరకదు. చివర్లో బలమైన మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషిని ఎవరూ దాటి వెనకపడకూడదు. గైడ్ ముందుంటాడు, తోక ఎక్కడుందో అతనికి కనపడదు. లెక్క మనమే చూసుకోవాలి. ప్రతి మలుపులోనూ తలలు లెక్కపెట్టండి.

నిజంగానే ఎవరికైనా చేతకాకపోతే గైడ్‌కి చెప్పి ఇద్దరు తోడు వెళ్ళాలి. ఒకరు చాలరు. మనిషి పడిపోతే ఒకరు దగ్గరుండాలి, ఒకరు సాయం కోసం పోవాలి. తోడుకి ఇద్దరు దొరకకపోతే గుంపంతా వెనక్కి తిరగాలి. జలపాతం ఎక్కడికీ పోదు.

కొండ మీద చల్లగా ఉంటుందనే ధీమా వద్దు. కింద రాజధాని నికోసియాలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ట్రూడోస్ పైన గాలి హాయిగానే తగులుతుంది, చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్ళు పోతున్నట్టే తెలియదు. బీపీకి మాత్రలు వేసుకునేవాళ్ళు ముందే డాక్టర్‌ని అడగాలి, కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది అలసట కాదు, వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 112కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

మంటల సంగతి విడిగా చెప్పాలి. 2021 జూలైలో అరకపాస్ ఊరి వైపు కార్చిచ్చులో నలుగురు ఈజిప్టు కూలీలు తప్పించుకోబోయి చనిపోయారు. మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. 2025 జూలైలో లిమాసోల్ దగ్గర వైన్ చేసే ఊళ్ళ వైపు మంటలు లేచి సుమారు 120 చదరపు కిలోమీటర్లు కాలిపోయాయి, కారులో ఉన్న ఇద్దరు వృద్ధులు చనిపోయారు. మనం ఆదివారాలు తిరిగేది ఆ ఊళ్ళే. పొగ వాసన వస్తే ఫొటోలు తీస్తూ నిలబడకండి. మంట పైకి వేగంగా పాకుతుంది కాబట్టి పొగ మీకన్నా కిందవైపు నుంచి వస్తుంటే వాలు ఎక్కి పారిపోవాలని చూడకండి, గైడ్ చెప్పిన రోడ్డువైపు అందరూ కలిసి పొండి. అడవిలో మంట కనిపిస్తే అటవీ శాఖ నంబరు 1407.

ఊళ్ళో దిగాక ప్రమాదం అయిపోయిందనుకుంటాం. అక్కడే జివానియా ఉంటుంది. ద్రాక్ష పిప్పి నుంచి కాచే సారా, ఆల్కహాల్ సుమారు 45 శాతం ఉంటుంది, చూడటానికి అచ్చం నీళ్ళే. ఇళ్ళల్లో దాన్ని మామూలు నీళ్ళ సీసాల్లోనే పోసి పెట్టుకుంటారు. ఓమొడోస్‌లో ఒక అవ్వ ప్రేమగా బల్ల మీద పెట్టిన సీసాని దాహంతో ఉన్న మా తమ్ముడొకడు ఎత్తి గటగటా తాగాడు. మూడో గుక్కలో తెలిసింది. ఆ సాయంత్రమంతా బస్సులో వాంతులే. మూత తీసి వాసన చూడండి. దాహానికి ముందు మీ సీసా, ఆ తర్వాతే వాళ్ళ ఆతిథ్యం.

ఇక మిగతావి, గుర్తున్నవి గుర్తున్నట్టు:

ద్రాక్ష తోటల రాతి గోడల సందుల్లో చెయ్యి పెట్టకండి. ఇక్కడ ఫినా అనే విషసర్పం ఉంది.

పాము కరిస్తే కొయ్యకండి, పీల్చకండి, కట్టు బిగించకండి. మనిషిని కదలనివ్వకుండా 112.

నడిచేటప్పుడు చున్నీ నడుముకి కట్టుకోండి, ముళ్ళకి తగులుకుంటుంది. చర్చి ముందు విప్పి భుజాలు కప్పుకోండి.

ఆసినూ లాంటి, గోడల నిండా పాత బొమ్మలు గీసిన చర్చిల్లో ఫ్లాష్ కొట్టకండి, గోడని ముట్టుకోకండి.

దారి పక్క చెట్ల దగ్గర నంబర్లు వేసిన చిన్న పలకలు ఉంటాయి. దాటిన ప్రతి నంబరూ గుర్తుపెట్టుకోండి. ఎక్కడున్నారని ఫోన్లో అడిగితే అదే మీ అడ్రసు.

వానపడ్డాక అవాకస్ లోయలోకి వద్దు. రాళ్ళు రాలతాయి. మూసేశారని బోర్డు ఉంటే దాటకండి.

నాలుగు మాటలు నేర్చుకోండి: నేరో అంటే నీళ్ళు, ఫోతియా అంటే మంట, ఫీదీ అంటే పాము, వొయిథియా అంటే కాపాడండి.

వీసా గొడవ ఉందని 112కి ఫోన్ చేయడానికి జంకకండి. ముందు ప్రాణం.

తప్పిపోతే తిరగకండి. నీడలో, దారి పక్కనే కూర్చోండి. అరవండి.

“మీరు పదండి” అన్న మనిషి చెయ్యి పట్టుకోండి. కూర్చోబెట్టండి. తిన్నావా అని అడగండి.

వెనక్కి ఎవరినీ ఒంటరిగా పంపకండి. వంద మీటర్లే అన్నా పంపకండి. బస్సు కనిపిస్తోందన్నా పంపకండి.

వచ్చే ఆదివారం కాకోపెట్రియా వైపు నడక ఉంది. ఆ అక్క మళ్ళీ వస్తానంది. ఆమె గైడ్ పక్కన, మొదటి మనిషి. చివర్లో నేనుంటాను.