ఫిల్టర్ పెడితే లిస్టు ఖాళీ: జాంగోలో తేడా ఎక్కడ కొడుతుంది

జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) చేసిన అద్దె ఇళ్ల పేజీ ఒకటి ఉందనుకుందాం. ఊరు, బెడ్‌రూమ్‌లు, పార్కింగ్, తేదీ... ఇవీ ఫిల్టర్లు. ఏది తేడాగా వచ్చినా ముందు క్వెరీసెట్‌లోని (డేటాబేస్‌ని ఏం అడగాలో పట్టుకుని ఉండే జాంగో ఆబ్జెక్ట్) క్వెరీని ప్రింట్ చేసి, జాంగో కట్టిన ఎస్‌క్యూఎల్‌ని, అంటే డేటాబేస్‌కి వెళ్లే ప్రశ్నని చూడండి. విలువల చుట్టూ కొటేషన్లు సరిగా ఉండవు కాబట్టి దాన్ని కాపీ చేసి డేటాబేస్‌లో నడపొద్దు. చదవడానికైతే చాలు, సగం జబ్బు అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఏమీ ఎంచుకోకుండా సెర్చ్ నొక్కితే ఒక్క ఇల్లూ రాదు

ఫారంలో ఖాళీగా వదిలేసిన గడి కూడా యూఆర్‌ఎల్‌లోకి వస్తుంది, "సిటీ=" అని. అప్పుడు మీకు అందేది నన్ (None, అంటే అసలు విలువే లేదు) కాదు, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని మాట). "నన్ కాకపోతే ఫిల్టర్ చెయ్" అని రాసుంటే, ఊరి పేరు ఖాళీగా ఉన్న ఇళ్ల కోసం వెతుకుతుంది. అలాంటివి ఎందుకుంటాయి? యూఆర్‌ఎల్ విలువని చదివే గెట్‌కి డిఫాల్ట్ విలువ ఇచ్చినా లాభం లేదు. కీ ("సిటీ" అనే పేరు) ఉంది కదా, డిఫాల్ట్ జోలికే పోదు. విలువ నిజంగా ఉంటేనే ఫిల్టర్ తగిలించండి.

సమస్య: ఫిల్టర్ రాసినా అన్నీ వస్తున్నాయి

ఫిల్టర్ అనేది పాత క్వెరీసెట్‌ని మార్చదు, కొత్తది ఇస్తుంది. దాన్ని వేరియబుల్‌లోకి తిరిగి తీసుకోలేదు, అంతే.

సమస్య: పార్కింగ్ వద్దన్నా పార్కింగ్ ఉన్నవే చూపిస్తోంది

యూఆర్‌ఎల్ నుంచి వచ్చేదంతా అక్షరాలే. "ఫాల్స్" అనే మాట పైథాన్‌కి ఖాళీ కాని స్ట్రింగ్, అంటే ట్రూ. బెడ్‌రూమ్‌ల దగ్గర ఎవరైనా అక్షరాలు కొడితే వాల్యూఎర్రర్ వచ్చి, పేజీ 500 (సర్వర్ ఎర్రర్)తో పడిపోయేదీ ఇందుకే.

చేత్తో ఒక్కోటీ మార్చుకుంటూ కూర్చోకండి. జాంగో ఫారమ్‌కి రిక్వెస్ట్ పారామీటర్లు ఇచ్చి, ఫీల్డులన్నీ తప్పనిసరి కాదని పెట్టి, చెక్ అయ్యాక ఫారమ్ సరైన రకంలోకి మార్చి ఇచ్చే క్లీన్డ్ డేటా నుంచే తీసుకోండి. పార్కింగ్‌కి నల్‌బూలియన్‌ఫీల్డ్ వాడితే ఉంది, లేదు, చెప్పలేదు అని మూడూ విడివిడిగా తెలుస్తాయి. ఇక్కడ మాత్రం పైన చెప్పినదానికి రివర్స్: "నన్ కాకపోతే" అనే రాయాలి, లేకపోతే "లేదు" అన్న జవాబు గాలికి పోతుంది.

సమస్య: 2, 3 బెడ్‌రూమ్‌లు రెండూ టిక్ పెడితే 3వే వస్తున్నాయి

ఒకే పేరు రెండుసార్లు వస్తే గెట్ చివరిదే ఇస్తుంది. అన్ని విలువలూ ఇచ్చే గెట్‌లిస్ట్ తీసుకుని, వాటిలో ఏదైనా సరే అనే "ఇన్" లుకప్‌తో వెతకండి.

సమస్య: మార్చి 31 దాకా అడిగితే 31వ తేదీవి రావు

డేట్‌టైమ్ ఫీల్డుకి వట్టి తేదీ ఇస్తే అది ఆ రోజు రాత్రి 12 గంటలు, అంటే రోజు మొదలే. "ఏప్రిల్ 1 కన్నా తక్కువ" అని రాయండి. ఇంకో మెలిక: టైమ్‌జోన్ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే ఏప్రిల్ 1 మొదలయ్యేది మనకి తెల్లవారుజామున 5:30కి. అప్పటిదాకా వచ్చినవన్నీ మార్చి ఖాతాలో పడతాయి. సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా పెట్టుకోండి.

సమస్య: తెలుగు పేరుతో వెతికితే దొరకదు

"అపార్ట్‌మెంట్" అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని పెట్టదు, అప్పుడు "అపార్ట్మెంట్" అవుతుంది. చదివేవాళ్లకి రెండూ ఒకటే, డేటాబేస్‌కి కాదు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, సేవ్ చేసేటప్పుడూ వెతికేటప్పుడూ ఆ అక్షరాన్ని తీసేయండి.

ఇన్ని తంటాలెందుకని కొందరు పారామీటర్లన్నీ డిక్షనరీగా మార్చి, ముందు రెండు స్టార్ గుర్తులు (**) పెట్టి నేరుగా ఫిల్టర్‌లోకి తోసేస్తారు. ఒక్క లైనే, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇంటి ఓనర్ యూజర్ టేబుల్‌కి లింక్ అయి ఉంటే, బయటివాడు యూఆర్‌ఎల్‌లో "ఓనర్ పాస్‌వర్డ్ హ్యాష్ (మార్చి దాచిన రూపం) దీనితో మొదలవుతుందా" అని అక్షరం అక్షరం అడిగి రాబట్టొచ్చు. ఏ పేర్లు ఒప్పుకోవాలో మీరే రాసి పెట్టి, మిగతావి వదిలేయండి.