రాస్ప్‌బెర్రీ పై టచ్‌స్క్రీన్: బొమ్మ రాకపోతే ఎక్కడ వెతకాలి, టచ్ పలకకపోతే ఎక్కడ వెతకాలి

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలించిన టచ్‌స్క్రీన్‌లో ఏ తేడా వచ్చినా చాలామంది వెంటనే ఎస్‌డీ కార్డు చెరిపేసి ఆపరేటింగ్ సిస్టం మళ్లీ ఎక్కిస్తారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు డెమోకి ముందు రోజు రాత్రి ఈ పని చేసి, ఉన్న కోడ్ కూడా పోగొట్టుకున్న విద్యార్థులను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు కార్డులో ఉండదు. వైరులోనో, అడాప్టర్‌లోనో, బోర్డు సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లోని ఒక్క వరుసలోనో ఉంటుంది.

మన కంటికి టచ్‌స్క్రీన్ ఒకే వస్తువు. బోర్డు లెక్కలో మాత్రం అవి రెండు పరికరాలు: బొమ్మ చూపించే డిస్‌ప్లే ఒకటి, వేలు ఎక్కడ పడిందో చెప్పే టచ్ చిప్ ఇంకొకటి. రెండింటి సిగ్నళ్లు వేరు, వాటిని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు వేరు. కాబట్టి ఆగింది ఏది, బొమ్మా, టచ్చా, రెండూనా? ముందు ఇది తేల్చుకుంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

మీ స్క్రీన్ ఏ రకమో కూడా చూసుకోండి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకు కలిసేది డీఎస్‌ఐ రకం. 2015లో వచ్చిన అధికారిక 7 అంగుళాల డిస్‌ప్లే, 2024లో వచ్చిన టచ్ డిస్‌ప్లే 2 ఈ రకానివే. హెచ్‌డీఎంఐ వైరుతో పాటు ఒక యూఎస్‌బీ వైరు కూడా ఉంటే అది రెండో రకం. బోర్డు పిన్నుల మీద నేరుగా కూర్చునే 3.5 అంగుళాల చిన్నది ఎస్‌పీఐ రకం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తక్కువ ధరకు దొరుకుతుందని విద్యార్థులు ఎక్కువగా కొనేదీ, ఎక్కువగా తిప్పలు పెట్టేదీ ఈ మూడోదే.

సమస్య: స్క్రీన్ మిణుకుమంటోంది, మధ్యలో ఆరిపోతోంది, బోర్డు రీస్టార్ట్ అవుతోంది

ఏ రకం స్క్రీన్ అయినా ముందు కరెంటును అనుమానించండి. బోర్డుకు అందే వోల్టేజ్ దాదాపు 4.63 వోల్టుల కంటే పడిపోతే డెస్క్‌టాప్ మీద తక్కువ వోల్టేజ్ హెచ్చరిక వస్తుంది. స్క్రీనే వెలగకపోతే ఆ హెచ్చరిక కనబడదు కదా. అప్పుడు ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ కమాండ్ ఇవ్వండి. జవాబు సున్నా అయితే కరెంటు బాగానే ఉంది. 50000 అని వస్తే బోర్డు ఆన్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజ్ పడిపోయి, వేగం తగ్గింది. 50005 అని వస్తే ఇప్పుడు ఈ క్షణంలో కూడా చాలడం లేదు.

ఫోన్ ఛార్జర్ 5 వోల్టులే ఇస్తుందిగా అనుకోవద్దు. రాస్ప్‌బెర్రీ పై 4కు 5 వోల్టుల దగ్గర 3 యాంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి, పై 5కు 5 యాంపియర్లది. పై 5లో ఇంకో సంగతి ఉంది. 3 యాంపియర్ల అడాప్టర్ పెడితే అది యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపియర్లే ఇస్తుంది. 5 యాంపియర్లది పెడితే 1.6 యాంపియర్ల వరకూ వదులుతుంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే 7 అంగుళాల హెచ్‌డీఎంఐ స్క్రీన్ పై 4 మీద బాగా నడిచి, పై 5కు మార్చగానే మిణుకుమనడానికి ఇది ఒక కారణం. సరైన అడాప్టర్ కొనడం, లేదా స్క్రీన్‌కు విడిగా కరెంటు ఇవ్వడం మందు. అడాప్టర్ మంచిదే అయినా సన్నటి పొడుగు కేబుల్ వాడితే దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. కాబట్టి కేబుల్ కూడా మార్చి చూడండి.

సమస్య: స్క్రీన్ మొత్తం తెల్లగా వెలుగుతోంది, ఇంకేమీ లేదు

ఇది ఎస్‌పీఐ స్క్రీన్ల సొంత జబ్బు. తెల్లగా ఉందంటే వెనక లైటుకు కరెంటు అందింది, కానీ బొమ్మ గీయమని ఎవరూ చెప్పలేదు అని అర్థం. స్క్రీన్ పాడైందని కంగారుపడి వెంటనే తిరిగిచ్చేయకండి. బోర్డు బతికే ఉందేమో హెచ్‌డీఎంఐ మానిటర్ పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అక్కడ మామూలుగా వస్తే లోపం డ్రైవర్‌దో, పిన్నులదో.

డ్రైవర్ కన్నా ముందు పిన్నులు చూడండి. ఈ స్క్రీన్ల సాకెట్‌కు 26 రంధ్రాలుంటాయి, బోర్డు మీద 40 పిన్నులుంటాయి. ఒక్క వరుస పక్కకు జరిగి కూర్చుంటే కరెంటు పిన్ను మీదికి డేటా లైను వచ్చి బోర్డే పోవచ్చు. ఒకటో నంబర్ పిన్ను వైపు నుంచి సరిగ్గా మొదలైందో లేదో బోర్డుకు కరెంటు తీసేసి సరిచూడండి.

ఇక డ్రైవర్ సంగతి. ఈ స్క్రీన్లతో వచ్చే సీడీలోనో కాగితం మీదో ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడపమని ఉంటుంది. దయచేసి దాన్ని అలాగే నడపకండి. వాటిలో చాలావరకు పాత ఆపరేటింగ్ సిస్టం కోసం రాసినవి. అవి కాన్ఫిగ్ ఫైల్‌ను చెరిపి కొత్తది రాస్తాయి, ఇప్పటి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఆపేస్తాయి. ఆ తర్వాత స్క్రీనూ రాదు, హెచ్‌డీఎంఐలో బొమ్మా రాదు. పైగా హెచ్‌డీఎంఐ బొమ్మను చిన్న స్క్రీన్‌కు కాపీ చేసే పాత పద్ధతి ఇప్పటి గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పనిచేయదు.

మీ స్క్రీన్‌లో డిస్‌ప్లే చిప్ ఐఎల్ఐ9486, టచ్ చిప్ ఎక్స్‌పీటీ2046 అయితే, ఆపరేటింగ్ సిస్టంతో పాటే వచ్చే పైస్క్రీన్ అనే ఓవర్‌లే (స్క్రీన్ ఏదో బోర్డుకు చెప్పే చిన్న ఫైల్) చాలావాటికి సరిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌పీఐని ఆన్ చేసి, ఓవర్‌లే వరుసలో పైస్క్రీన్ పేరు తర్వాత కామా పెట్టి డీఆర్‌ఎం అని చేర్చి రీబూట్ చేయండి. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వార్మ్ అనే ఆపరేటింగ్ సిస్టం వెర్షన్ నుంచి కాన్ఫిగ్ ఫైల్ బూట్ ఫోల్డర్‌లో నేరుగా లేదు, దాని లోపల ఉన్న ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత చోట ఉన్న ఫైల్‌ను ఎంత మార్చినా ఏమీ జరగదు. "అన్నీ చేశాను, ఏమీ మారలేదు" అనేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

స్క్రిప్ట్ ఇప్పటికే నడిపేసి ఉంటే కార్డు తీసి విండోస్ ల్యాప్‌టాప్‌లో పెట్టండి. బూట్ భాగం మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, కాన్ఫిగ్ ఫైల్‌ను అక్కడే సరిచేయవచ్చు. కార్డులోని రెండో భాగాన్ని విండోస్ చదవలేదు కాబట్టి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. సరే అన్నారంటే మీ ఫైళ్లన్నీ పోయినట్టే.

డ్రైవర్ కుదిరాక కూడా వీడియో తడబడుతుంది. దానికి మందు లేదు. 480×320 చుక్కలు, చుక్కకు 16 బిట్లు, అంటే ఒక్క ఫ్రేమ్‌కు దాదాపు 24.6 లక్షల బిట్లు. ఎస్‌పీఐ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడిస్తే సెకనుకు ఆరు ఫ్రేములు దాటవు. బటన్లు, అంకెలు చూపించే ప్రాజెక్టుకు అది చాలు. వీడియో కావాలంటే వేరే రకం స్క్రీన్ కొనుక్కోవాలి.

సమస్య: పూర్తిగా నల్లగా ఉంది

డీఎస్‌ఐ అయితే బోర్డు ఆపి, కరెంటు తీసి, రిబ్బన్ రెండు చివరలూ విప్పి మళ్లీ పెట్టండి. కనెక్టర్ క్లిప్ లేపి, రిబ్బన్‌ను వంకర లేకుండా చివరికంటా దించి, క్లిప్ మూయాలి. రిబ్బన్ మీది మెరిసే గీతలు కనెక్టర్‌లోని పిన్నుల వైపు ఉండాలి. బోర్డు నడుస్తుండగా రిబ్బన్ పీకడం, పెట్టడం అసలు చేయకండి.

పాత బోర్డుల్లో ఈ కనెక్టర్ 15 పిన్నులది, పై 5లో 22 పిన్నులది. పై 5కు మారినప్పుడు మార్పిడి కేబుల్ కావాలి. దీంట్లోనే పెద్ద మెలిక ఉంది. కెమెరాకు వాడే మార్పిడి కేబుల్, డిస్‌ప్లేకు వాడేది చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపలి వైరింగ్ మాత్రం వేరు. కేబుల్ మీద డిస్‌ప్లే అని రాసి ఉన్నదే పెట్టండి. కాన్ఫిగ్ ఫైల్‌లో డిస్‌ప్లే ఆటో డిటెక్ట్ 1గా ఉందో లేదో చూడండి. ఇక పై జీరో బోర్డులకు డీఎస్‌ఐ కనెక్టరే లేదు. వాటికి ఈ రకం స్క్రీన్ కొనొద్దు.

హెచ్‌డీఎంఐ అయితే పై 4, పై 5లలో రెండు పోర్టులుంటాయి. టైప్-సీ పవర్ పోర్టుకు దగ్గరున్న దానిలో పెట్టండి. స్క్రీన్ ఆలస్యంగా మేల్కొంటే బోర్డు అసలు మానిటరే లేదనుకుంటుంది. స్క్రీన్‌ను ముందు ఆన్ చేసి తర్వాత బోర్డు ఆన్ చేస్తే బొమ్మ వస్తోందంటే కారణం అదే. దీనికి శాశ్వత పరిష్కారం, కాన్ఫిగ్ ఫైల్ పక్కనే ఉండే కమాండ్‌లైన్ ఫైల్‌లో వీడియో ఆప్షన్ చేర్చడం. పోర్టు పేరు, తర్వాత 1024×600 లాంటి మీ స్క్రీన్ సొంత కొలత, 60 హెర్ట్జ్, చివర డీ అక్షరం. ఆ డీ వల్ల మానిటర్ కనబడకపోయినా బోర్డు సిగ్నల్ పంపుతుంది. ఆ ఫైల్‌లో ఉన్నదంతా ఒకే వరుసలో ఉండాలి. మధ్యలో ఎంటర్ నొక్కితే బోర్డు బూట్ కాకపోవచ్చు. అక్షరాలు మసకగా కనబడుతున్నా ఇదే మందు.

కొన్ని నిమిషాలకు నల్లబడి, ముట్టుకుంటే తిరిగి వస్తే అది లోపం కాదు. రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో స్క్రీన్ బ్లాంకింగ్ ఆపేయండి.

సమస్య: బొమ్మ చక్కగా ఉంది, టచ్ లేదు

హెచ్‌డీఎంఐ వైరు వేలి సంగతి మోయదు, ఆ పని యూఎస్‌బీ వైరుది. పాత ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ వైరు వాడితే కరెంటు వెళ్తుంది, డేటా వెళ్లదు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇచ్చి, ఆ వైరు పీకి మళ్లీ ఇవ్వండి. జాబితాలో ఒక వరుస కూడా తగ్గకపోతే బోర్డుకు టచ్ చిప్ కనబడటమే లేదు. వైరు మార్చండి.

జాబితాలో కనబడుతున్నా టచ్ పలకకపోతే ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి. వేలు పెట్టిన ప్రతిసారీ అంకెలు పరుగెడితే హార్డ్‌వేర్ మంచిదే, తప్పు డెస్క్‌టాప్ సెట్టింగులలో ఉంది. ఏమీ కదలకపోతే తప్పు వైరులోనో, గాజులోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష ఎన్నో గంటల టెన్షన్ తప్పిస్తుంది. అందరూ దీన్ని నేర్చుకోవాలని నా కోరిక.

2015 నాటి 7 అంగుళాల డిస్‌ప్లే వెనక బోర్డులో బొమ్మకు ఒక రిబ్బన్, టచ్‌కు దానికన్నా సన్నటి ఇంకో రిబ్బన్ ఉంటాయి. కేస్ బిగించేటప్పుడు ఆ సన్నటిది వదులైతే సరిగ్గా ఈ లక్షణమే కనబడుతుంది.

సమస్య: వేలు ఒకచోట, క్లిక్ ఇంకోచోట

నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా ముట్టి, బాణం ఎక్కడికి వెళ్తోందో కాగితం మీద రాసుకోండి. ఎడమ మూల ముడితే కుడికి వెళ్తే అద్దంలోలా తిరగబడింది. పై అంచు వెంట వేలు జరిపితే బాణం నిలువుగా దిగితే 90 డిగ్రీలు తిరిగింది. ఒక మూల సరిగ్గా ఉండి, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే ఇంకో మానిటర్ తగిలి ఉందేమో చూడండి. రెండు మానిటర్లుంటే టచ్ ఆ రెండింటి మొత్తం వెడల్పు మీద పరుచుకుంటుంది. స్క్రీన్ కాన్ఫిగరేషన్ తెరిచి, చిన్న స్క్రీన్ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి, టచ్‌స్క్రీన్ మెనూలో మీ టచ్ పరికరాన్ని దానికి కట్టేయండి. స్క్రీన్‌ను తిప్పాలన్నా అక్కడే తిప్పండి, టచ్ కూడా దానితో పాటే తిరుగుతుంది. టచ్ డిస్‌ప్లే 2 మొదటిసారి నిలువుగా రావడం లోపం కాదు. దాని అసలు కొలతే 720×1280.

ఎక్స్‌ఇన్‌పుట్, ఎక్స్‌ఇన్‌పుట్ కాలిబ్రేటర్ వాడమని చెప్పే పాత సూచనలు ఎక్స్11 అనే పాత డెస్క్‌టాప్ వ్యవస్థ కాలానివి. బుక్‌వార్మ్‌తో డెస్క్‌టాప్ వేలాండ్ అనే కొత్త వ్యవస్థకు మారింది, ఇప్పుడు అవి పనిచేయవు. మెనూతో కుదరనప్పుడు, పరికరాల సెట్టింగులు రాసే యూడెవ్ రూల్‌లో లిబ్‌ఇన్‌పుట్ కాలిబ్రేషన్ మ్యాట్రిక్స్ అనే విలువ పెట్టాలి. అది ఆరు అంకెలు. సవ్యదిశలో 90 డిగ్రీలకు 0 -1 1 1 0 0. తలకిందులైతే -1 0 1 0 -1 1. 270 డిగ్రీలకు 0 1 0 -1 0 1. ఎడమ కుడి మాత్రమే తారుమారైతే -1 0 1 0 1 0. వీటిని బట్టీ పట్టనక్కర్లేదు. మొదటి మూడు అంకెలు కొత్త అడ్డం కొలతను, తర్వాతి మూడు కొత్త నిలువు కొలతను లెక్కిస్తాయి. స్క్రీన్ ఒక చివర 0, ఇంకో చివర 1 అనుకుంటే, -1తో గుణించి 1 కలిపితే అటుది ఇటు అవుతుంది, అంతే. మెనూలో ఒకసారి, రూల్‌లో ఒకసారి తిప్పితే మాత్రం రెండుసార్లు తిరిగి మళ్లీ తప్పుతుంది. ఒక్కచోటే చేయండి.

సమస్య: ఎవరూ ముట్టకుండానే క్లిక్‌లు పడుతున్నాయి

కెపాసిటివ్ స్క్రీన్ వేలి వల్ల మారే అతి చిన్న విద్యుత్ తేడాను కొలుస్తుంది. అడాప్టర్ నుంచి విద్యుత్ రొద (నాయిస్) వస్తే దాన్నీ వేలే అనుకుంటుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల చవక అడాప్టర్లతో ఇది ఎక్కువ. లోహపు కేస్ మీద చేయి పెడితే సన్నగా జివ్వుమంటే అనుమానం ఇంకా బలపడుతుంది. బోర్డునూ స్క్రీన్‌నూ కాసేపు పవర్ బ్యాంక్ మీద నడపండి. దొంగ క్లిక్‌లు ఆగిపోతే అడాప్టర్ మార్చండి, మూడు పిన్నులది తీసుకోండి, ఆ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. స్క్రీన్ లోహపు చట్రాన్ని గ్రౌండ్‌కు కలపడం కూడా పనిచేస్తుంది.

పవర్ బ్యాంక్ మీద కూడా ఆగకపోతే గాజు మీద తడి, గాజుకు తగులుతున్న లోహపు అంచు, మందపాటి స్క్రీన్ గార్డ్ చూడండి. 3.5 అంగుళాల రెసిస్టివ్ స్క్రీన్ అయితే కారణం వేరు, అది ఒత్తిడితో పనిచేస్తుంది. కేస్ అంచు గాజును నొక్కుతుంటే ఒకేచోట వేలు ఆగకుండా పెట్టినట్టు ఉంటుంది. స్క్రూలు వదులు చేసి చూడండి. అప్పుడు సరైపోతే ఆ కేస్ లోపలి అంచును కాస్త అరగదీసి మళ్లీ బిగించండి.