రెగ్గే వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: ‘ఎక్సోడస్’లో కిక్ డ్రమ్ ఎక్కడ పడుతోంది?

పోయిన పాఠంలో 1, 2, 3, 4 అని లెక్కపెడుతూ 2, 4 లెక్కల మీద గిటార్ కొట్టే ‘చక్’ పట్టుకున్నాం కదా, ఈసారి డ్రమ్స్, అందులోనూ కాలితో మోగించే పెద్ద డ్రమ్, అంటే కిక్ డ్రమ్. దానికి జమైకా రెగ్గే బృందం బాబ్ మార్లే అండ్ ద వెయిలర్స్ 1977లో తెచ్చిన ‘ఎక్సోడస్’ ఆల్బమ్ ఒక్కటి చాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడి చావదు.

1976 డిసెంబర్ 3న కింగ్‌స్టన్‌లో మార్లే ఇంట్లోకి తుపాకులతో చొరబడి కాల్చారు. ఆయనకీ, భార్య రీటాకీ, మేనేజర్‌కీ గాయాలయ్యాయి. అప్పుడు జమైకాలో ఎన్నికల వేడి, వీధుల్లో పార్టీల కొట్లాటలు. అయినా రెండు రోజులకే స్టేజీ ఎక్కి పాడాడు, తర్వాత దేశం వదిలి లండన్ చేరాడు, ఈ ఆల్బమ్ చాలామటుకు అక్కడే రికార్డయింది.

ముందు టైటిల్ పాట పెట్టండి, ఏడు నిమిషాల పైనే ఉంటుంది. ఎక్సోడస్ అంటే బైబిల్లో మోషే తన జనాన్ని ఈజిప్టు నుంచి నడిపించుకుపోయిన కథ, అందులో రాస్తఫారీలు (జమైకాలో పుట్టిన మతం వాళ్లు, మార్లే కూడా అందులోవాడే) తమ ఆఫ్రికా తిరుగుప్రయాణాన్ని చూసుకుంటారు. బృందం డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ కిక్ డ్రమ్ 1, 2, 3, 4 అన్నిటి మీదా దిగుతుంది, దీన్ని ‘స్టెపర్స్’ అంటారు. కాలితో కొట్టి చూడండి, కూర్చున్నచోటే నడుస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు రికార్డు రెండో వైపు నుంచి ‘త్రీ లిటిల్ బర్డ్స్’. 1 మీద కాలు వేశారా, అక్కడ కిక్ లేదు! అది 3 మీద పడుతుంది. ఇదే ‘వన్ డ్రాప్’. సమం మీద చెయ్యి వేసే అలవాటున్న మనకి మొదట్లో తాళం తప్పుతున్నట్టే ఉంటుంది, టెన్షన్ పడొద్దు. 1కి చెయ్యి పైకెత్తి అలాగే ఉంచండి, 2 కూడా పోనివ్వండి, 3కి తొడ మీద గట్టిగా కొట్టండి. పాట పూర్తయ్యేదాకా ఇంకేం చెయ్యకండి, గిటార్‌ని అస్సలు పట్టించుకోకండి.

మొదటి వైపు పోరాటం, రెండో వైపు ప్రేమ అని చాలామంది రెండు ముక్కలు చేసేస్తారు. ‘వెయిటింగ్ ఇన్ వెయిన్’ వరకూ సరే, అది అచ్చంగా ఎదురుచూపుల ప్రేమపాటే, కానీ ఆఖరి పాట ‘వన్ లవ్’లో కర్టిస్ మేఫీల్డ్ ‘పీపుల్ గెట్ రెడీ’ కలిసిపోయి ఉంది, అదేమో అమెరికా నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమకాలపు పాట. ప్రేమ వైపు చివరికొచ్చి మళ్లీ పోరాటంలోనే కలుస్తోంది మరి.

హోంవర్క్: ‘వన్ లవ్’ని వెయిలర్స్ 1965లోనే స్కా పద్ధతిలో (రెగ్గేకి ముందు జమైకాలో నడిచిన వేగమైన సంగీతం) పాడారు. అదీ ఇదీ పక్కపక్కన విని, వేగం కాకుండా ఇంకేం మారిందో రాసుకోండి. వచ్చే పాఠంలో కార్ల్‌టన్ అన్న ఆస్టన్ బారెట్ వాయించిన బేస్ గిటార్.