మూడో పాఠం: లక్ష్యాన్ని ఊళ్ల పేర్లుగా విడగొట్టుకోండి

"ఒడియా చదవడం, రాయడం రావాలి" అని కిందటి పాఠంలో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నారు కదా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా అడుగుతారు కాబట్టి రాయగడ, గుణుపురం వైపు తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది తప్పనిసరి. కానీ ఆ వాక్యం ఎప్పుడు పూర్తయినట్టో ఎవరూ చెప్పలేరు. అందుకే నాలుగు రోజులకే పుస్తకం అటకెక్కుతుంది.

చాలామంది ముందు అక్షరమాల అంతా బట్టీ పడతారు. వరస తెలుగుదే కాబట్టి తేలికే అనిపిస్తుంది. అది అయ్యేదాకా ఒక్క బోర్డూ చదవలేరు, ఉత్సాహం అక్కడే చస్తుంది. మైలురాయి అంటే బయటికెళ్లి సరిచూసుకోగలిగేదై ఉండాలి. బస్టాండు అందుకు మంచి చోటు.

మొదటిది రాయగడ. ఒడియాలో చివర దీర్ఘం: రాయగడా. ర, య, గ, కింద చుక్క ఉన్న డ, ఆకారం గుర్తు, అంతే. మూడు రోజులు రోజుకు పదిసార్లు రాసి, నాలుగో రోజు బోర్డు మీద వెతకండి. తర్వాత గుణుపుర: కొత్తగా వచ్చేవి ణ, ప, ఉకారం గుర్తు. జయపురకైతే జ ఒక్కటే కొత్త. పలికేటప్పుడు జొయొపురొ అన్నట్టు వినబడుతుంది, కంగారు పడకండి. మూడు ఊళ్లకు ఏడు హల్లులు, రెండు గుర్తులు వచ్చేశాయి.

అసలు చిక్కు పర్లాకిమిడి దగ్గర. ఒడియాలో పారళాఖేముండి అని రాస్తారు. ఏకారం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది. తెలుగు కన్ను దాన్ని ముందున్న ళా కి తగిలించేసి, ఖ ని ఒట్టిగా చదువుతుంది. మొదటి వారం ఆ గుర్తునీ దాని కుడివైపు అక్షరాన్నీ కలిపి పెన్సిల్‌తో సున్నా చుట్టండి. కోరాపుట్‌లో ఓకారం రెండు పక్కలా ఉంటుంది, దానికీ ఇదే మందు.

బరంపురం, అంటే బ్రహ్మపుర, ఆఖరికి ఉంచండి. బ్ర, హ్మ రెండూ సంయుక్తాక్షరాలే.

ఏ పేరైనా వారం దాటినా రాకపోతే మీలో లోపం లేదు, ముక్క పెద్దదైంది. పారళా, ఖే, ముండి అని మూడుగా కోసి, రోజుకొకటి పట్టండి. వచ్చిన పేరు పక్కన తేదీ వేయండి. కొట్టేయకండి, చెరపకండి. విసుగొచ్చిన రోజున ఆ పేజీ తిరగేయాలి.

వచ్చే పాఠానికి మీ ఊరి పేరును ఒడియాలో రాయించుకుని, అందులో మీకు తెలియని అక్షరాల కింద మాత్రం గీత గీసి ఉంచండి.