సైకిల్ చక్రం ఊగుతోందా? కీ తిప్పే ముందు స్పోకులు తడిమి చూడండి

చక్రం ఊగడం కనబడగానే ఆ చోట ఉన్న స్పోకుల్ని బిగించేస్తాం. ఆ పూటకి ఊగుడు తగ్గుతుంది, కొన్నాళ్లకి అక్కడో పక్కనో మళ్లీ మొదలవుతుంది. ఎడమ స్పోకులు రిమ్‌ని ఎడమకి, కుడి స్పోకులు కుడికి లాగుతుంటాయి. ఆ లాగుళ్లు తూగినంతసేపే రిమ్ మధ్యలో నిలుస్తుంది. అందుకే ముందు టెన్షన్, అంటే స్పోకుల బిగువు చూడాలి, ఊగుడు సంగతి తర్వాత.

సైకిల్‌ని తలకిందులుగా నిలబెడితే వేరే స్టాండ్ అక్కర్లేదు. రిమ్ బ్రేకులైతే బ్రేక్ షూలే కొలబద్ద. డిస్క్ బ్రేకులైతే ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్మకి) ప్లాస్టిక్ జిప్ టై కట్టి, దాని కొస రిమ్‌కి తగిలీ తగలనట్టు కత్తిరించండి. స్పోక్ కీ మాత్రం స్పోకు కొసని రిమ్‌కి పట్టి ఉంచే చిన్న నట్టుకి, అంటే నిపుల్‌కి సరిగ్గా పట్టేదే కావాలి. 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. కీ లూజైతే నిపుల్ మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు.

ఊగుతోంది, కానీ తప్పు స్పోకులది కాదు

రిమ్ పట్టుకుని పక్కలకి కదపండి. టకటకమని ఆడితే చక్రం మధ్యలోని హబ్ బేరింగ్ లూజైంది, ముందు అది సరిచేయాలి. రిమ్ నిలకడగా ఉండి టైరు మాత్రమే ఎగుడుదిగుడుగా తిరిగితే టైరు సరిగా కూర్చోలేదు. గాలి తీసి మళ్లీ ఎక్కించండి.

రిమ్ ఎడమకీ కుడికీ ఊగుతోంది

ఒకే వైపు స్పోకుల్ని ఒక్కొక్కటిగా వేలితో మీటుతూ చక్రమంతా తిరగండి. దాదాపు ఒకే స్వరం రావాలి. బొంగురుగా మోగింది లూజు, కీచుగా మోగింది బిగువు. వెనక చక్రంలో చెయిను వైపు స్పోకులు ఎడమవాటికన్నా బిగువుగా ఉండటం సహజం, ఆ రెండు వైపుల్ని పోల్చకండి.

ఇప్పుడు నెమ్మదిగా తిప్పుతూ రిమ్ ఎక్కడ ఎక్కువగా పక్కకి వస్తోందో గుర్తు పెట్టండి. అది ఎడమకి వస్తోందనుకుందాం. అక్కడి కుడి స్పోకులు లూజుగా ఉంటే వాటిని బిగించండి. అవి సరిగ్గానే ఉండి ఎడమవి మరీ బిగువుగా ఉంటే ఎడమవి వదులు చేయండి. ఏదీ తేలకపోతే రెండూ కొద్దికొద్దిగా చేయండి. చాలామంది మరిచేది ఈ వదులు చేయడాన్నే. ఎప్పుడూ బిగిస్తూ పోతే ఊగుడు తగ్గుతుంది గానీ టెన్షన్ తూకం చెడుతుంది.

టైరు వైపు నుంచి నిపుల్‌ని చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఒకసారికి పావు చుట్టు చాలు. చక్రం తిప్పి చూసి, మళ్లీ తిప్పండి. వెనక చక్రంలో ఎడమ స్పోకుని కాస్త తిప్పినా రిమ్ ఎక్కువ జరుగుతుంది, అక్కడ ఇంకా తక్కువ తిప్పండి. రోజూ తిరిగే సైకిల్‌కి ఊగుడు 1 మిల్లీమీటరు లోపుకి వస్తే సంతృప్తిగా ఆపేయవచ్చు.

చక్రం పైకీ కిందికీ ఎగురుతోంది

రిమ్ ఉబ్బిన చోట ఎడమ, కుడి స్పోకుల్ని జతగా సమానంగా బిగించండి. లోపలికి పోయిన చోట జతగా వదులు చేయండి. దీన్ని ముందే సరిచేసి, ఆ తర్వాత పక్క ఊగుడు చూసుకోవడం మేలు.

ఊగడం లేదు, కానీ ఒక పక్కకి జరిగి ఉంది

మొదట ముందు చక్రం ఫోర్కులో సరిగా కూర్చుందో లేదో చూడండి. తర్వాత దాన్ని విప్పి ఎడమ కుడి మార్చి పెట్టండి. రిమ్ ఇప్పుడు రెండో పక్కకి జరిగితే తప్పు చక్రానిది. ఎటు జరగాలో ఆ వైపు స్పోకులన్నిటినీ సమానంగా పావు చుట్టు బిగించండి. రిమ్ జరగకుండా అలాగే ఉంటే ఫోర్కు వంగిందేమో చూడాలి.

వెనక చక్రంలో స్పోకులు పదేపదే తెగుతున్నాయి

ఎక్కువ బిగించడం వల్లే తెగుతున్నాయని అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం లూజు. చక్రం తిరిగే ప్రతిసారీ నేలవైపున్న స్పోకుల టెన్షన్ తగ్గి మళ్లీ పెరుగుతుంది. స్పోకు ముందే లూజుగా ఉంటే హబ్ దగ్గరి మెడ అటూ ఇటూ కదులుతూ, పదేపదే వంచిన తీగలా ఒకరోజు పుటుక్కుమంటుంది. తెగినదాన్ని మార్చి ఊరుకోకండి. ఆ వైపు స్పోకులన్నిటి టెన్షన్ చూసి, తక్కువగా ఉంటే చక్రమంతా సమానంగా పెంచండి. టెన్షన్ మీటర్ ఉంటే, చాలా రిమ్‌లలో చెయిను వైపు 100 నుంచి 120 కిలోల బలం మామూలు. మీ రిమ్‌కి కంపెనీ చెప్పిన పరిమితి మాత్రం దాటకండి. అప్పటికీ తెగుతూనే ఉంటే మిగతావీ అలసిపోయాయి, సెట్టంతా మార్చడమే మంచిది.

బిగించి బయల్దేరగానే టిక్‌టిక్‌మంటోంది

నిపుల్‌తో పాటు స్పోకు కూడా మెలితిరిగింది, బరువు పడగానే ఆ మెలిక విడుతోంది. ఇకపై కాస్త ఎక్కువ తిప్పి, ఆ ఎక్కువని వెనక్కి తిప్పండి. పని అయ్యాక పక్కపక్క స్పోకుల్ని జతగా గుప్పిట్లో గట్టిగా నొక్కి, చక్రం మళ్లీ చూడండి.

నిపుల్ తిరగడం లేదు

బలవంతం చేయకండి. స్పోకు నిపుల్‌లోకి వెళ్లే చోట, నిపుల్ రిమ్‌ని తాకే చోట ఒక్కో చుక్క నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. రిమ్ బ్రేకులుంటే బ్రేక్ తాకే పక్కల మీద నూనె లేకుండా తుడవండి.

ఎంత చేసినా అక్కడే ఊగుతోంది

ఒక చోట రిమ్ నిటారుగా నిలవాలంటే ఒక వైపు స్పోకులు తీగల్లా బిగిసిపోయి, ఎదురు వైపువి పూర్తిగా లూజైపోతున్నాయంటే రిమ్మే వంగింది. గుంతలో పడి అంచు నొక్కుకుపోయినా అంతే. స్పోకులతో దాన్ని లాగి నిలబెట్టినా అది నిలవదు. రిమ్ మార్చండి.