లిస్బన్ నగరాన్ని ఒక రోజులో ఎలా చూడాలి, ఏమి తినాలి?

పోర్చుగల్ రాజధాని లిస్బన్ కొండల మీద వెలసిన ఊరు. అందుచేత అక్కడ ఏమి చూడాలన్న దానికన్నా ఏ వరుసలో చూడాలన్నది ముందు తేల్చుకోవాలి. లేకపోతే మధ్యాహ్నానికే మోకాళ్లు మొరాయిస్తాయి. ఎక్కడానికి బండి, దిగడానికి కాళ్లు అన్న నియమం పెట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

ముందురోజే మెట్రో స్టేషన్‌లోని యంత్రం దగ్గర మనిషికొకటి చొప్పున నావెగాంట్ కార్డులు కొని, 24 గంటల టికెట్ వేయించుకోవాలి. మెట్రో, ట్రాము, బస్సు మూడింటికీ అదే చెల్లుతుంది. కాలిబాటల మీది రాళ్లు అరిగి నున్నబడ్డాయి కాబట్టి, చినుకు పడితే జారని బూట్లు తప్పనిసరి.

ఉదయం ఎనిమిది లోపే మార్తిం మొనీజ్ దగ్గర 28వ నంబరు ట్రాము ఎక్కాలి. పొద్దెక్కితే అందులో నిలబడటానికి చోటుండదు, పైగా జేబుదొంగల బెడద. పోర్తాస్ దో సోల్ వద్ద దిగితే ఎర్ర పెంకుల కప్పులు, వాటికవతల తేజో నది కనిపిస్తాయి. అక్కడినుంచి మెట్ల మీదుగా అల్ఫామా పేటలోకి దిగాలి. బాల్కనీలకు బట్టలు ఆరవేసిన ఆ ఇరుకు సందుల్లో దారి తప్పినా కంగారు అక్కరలేదు, పల్లానికి నడిస్తే నది దగ్గరే తేలతారు.

పక్కనున్న బైషా పేటలో వీధులు గీత గీసినట్టుంటాయి. 1755 నవంబరు 1న భూకంపం, దాని వెంట సునామీ, మంటలు ఊరిని ధ్వంసం చేశాక అప్పటి రాజుగారి మంత్రి పోంబల్ ఆధ్వర్యంలో తిరిగి కట్టిన భాగమది. ఆనాడు కప్పు కూలిన కార్మో చర్చి కమానులు ఈనాటికీ ఆకాశం కిందే నిలిచి ఉన్నాయి. అక్కడికి ఎక్కడానికి బైషా-షియాదు మెట్రో స్టేషన్‌లోని ఎస్కలేటర్లు వాడుకోవచ్చు.

భోజనానికి కూర్చోగానే అడగకుండానే రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. అవి ఉచితం కావు. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపేయాలి. బకల్యావు అంటే ఉప్పుచేపే, అయినా నీళ్లు మార్చి మార్చి నానబెట్టి వండుతారు కాబట్టి మనం భయపడే వాసన రాదు. సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంపలు, గుడ్డు కలిపి చేసే బకల్యావు అ బ్రాష్‌తో మొదలుపెట్టడం మేలు. శాకాహారులు 'పెయ్షీన్యుష్ ద ఓర్త' అడగాలి. పేరుకు 'తోటలోని చేపపిల్లలు' అయినా, అవి బీన్స్ బజ్జీలు. పిండిలో గుడ్డు కలుపుతారేమో మాత్రం కనుక్కోవాలి. మనకు మిరపకాయను తెచ్చింది పోర్చుగీసు ఓడలే, కానీ వారి వంట మన నాలుకకు చప్పగానే తోస్తుంది. పిరి-పిరి సాస్ అడిగి వేసుకోవాలి.

సాయంత్రానికి 15వ నంబరు ట్రాములో బెలేం పేటకు చేరాలి. అక్కడి జెరోనిముష్ మఠానికి సోమవారం సెలవు. సుగంధ ద్రవ్యాల వ్యాపారం మీది పన్నుతో 16వ శతాబ్దంలో కట్టిన ఆ మఠం చర్చిలోనే, 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామా సమాధి ఉంది.

మఠానికి దగ్గరలోనే 1837 నుంచి కస్టర్డ్ టార్టులు అమ్ముతున్న దుకాణం ఉంటుంది. బయటి వరుస పొట్లాలు కట్టించుకునేవారిది. లోపల కూర్చోవడానికి గదులెన్నో ఉన్నాయి. వేడి టార్టు మీద దాల్చినచెక్క పొడి చల్లి కొరికితే పొరలు పెళపెళలాడి పంచె మీద రాలతాయి, నడుమ మీగడ మాత్రం నాలుక కాలేంత వేడిగా ఉంటుంది. మర్నాటికని దాచుకోవద్దు, తెల్లారేసరికి ఆ పొరలు మెత్తబడిపోతాయి.